స్టేడియం ఉన్నచోట లైబ్రరీ

1939 అక్టోబరులో షికాగో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మిషిగన్ చేతిలో 85–0తో ఓడిపోయింది. అదొక్కటే అయితే ఏదో చెడ్డరోజు అనుకోవచ్చు. ఆ ఏడాదే హార్వర్డ్ 61–0, ఒహైయో స్టేట్ 61–0, వర్జీనియా 47–0, ఇల్లినాయ్ 46–0. గెలిచినవి రెండే, అవీ వబాష్, ఓబర్లిన్ అనే రెండు చిన్న కాలేజీల మీద. డిసెంబర్ 21న యూనివర్సిటీ ట్రస్టీలు సమావేశమై ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేశారు. నాలుగేళ్ళ క్రితమే దేశంలోకెల్లా మేటి ఆటగాడని మొట్టమొదటి హైజ్‌మన్ ట్రోఫీ అందుకున్న జే బెర్వాంగర్ ఈ జట్టువాడే.

(ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. కాలితో తన్నేది తక్కువ, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది, అడ్డమొచ్చినవాణ్ణి పడగొట్టేది ఎక్కువ. ఆ పేరు దానికెందుకొచ్చిందన్న గొడవ ఇప్పుడొద్దు.)

ఈ కథని సాధారణంగా ఒక వీరగాథలా చెప్తారు. రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ అనే యువ అధ్యక్షుడు, మన లెక్కన వైస్-ఛాన్సలర్, చదువు గొప్పదా ఆట గొప్పదా అని అడిగి, ఒక్క వేటుతో తేల్చేశాడని. నాకు ఆ వెర్షన్ మీద మొదట్నుంచీ అనుమానమే. మైదానం మీద 85–0తో ఓడిన జట్టుని తీసేయడానికి ఎంత ధైర్యం కావాలి? అసలు ఆసక్తికరమైన ప్రశ్న వేరే ఉంది. యూనివర్సిటీని ఫుట్‌బాల్‌తో అమ్ముకోవచ్చని అందరికంటే ముందు కనిపెట్టినవాళ్ళలో ఇదే షికాగో ఒకటి. కనిపెట్టినవాళ్ళే ఎందుకు వదిలేశారు, కాపీ కొట్టినవాళ్ళు ఎందుకు వదల్లేకపోతున్నారు అన్నది.

1892లో యూనివర్సిటీ తలుపులు తెరిచేనాటికి దానికి రాక్‌ఫెల్లర్ డబ్బుంది, చరిత్ర లేదు. పాత విద్యార్థులు లేరు, సంప్రదాయం లేదు, ఊళ్ళో ఎవరికీ దాని పేరు తెలీదు. తొలి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ హీబ్రూ పండితుడు. ఆయన పెద్ద పెద్ద పండితుల్ని ఇతర కాలేజీల నుంచి లాక్కొచ్చినట్టే, యేల్‌లో తన దగ్గర చదువుకున్న ఏమోస్ అలోంజో స్టాగ్‌ని కూడా తెచ్చుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఇచ్చి, ఉద్యోగం పర్మనెంట్ చేశాడు. ఒక కోచ్‌కి ప్రొఫెసర్లతో సమానంగా కుర్చీ వెయ్యడం అప్పటికి వింత. హీబ్రూ పండితుడికి ఈ బంతాట మీద ఇంత మోజెందుకంటే, గ్రీకు వ్యాకరణం మీద పుస్తకం అచ్చయితే పేపర్లో రాదు, శనివారం మ్యాచ్ గెలిస్తే ఆదివారం మొదటి పేజీలో వస్తుంది. అంత సింపుల్.

పాచిక పారింది కూడా. 1905లో మిషిగన్ 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగకుండా వచ్చి షికాగోలో 2–0తో ఓడిపోయింది. పదమూడేళ్ళ వయసున్న యూనివర్సిటీ దేశమంతా తెలిసిపోయింది. కానీ ఆ గెలుపు వెనకే ఆ ఏడాది ఇంకో సంగతి నడుస్తోంది. ఆ జట్టు హీరో వాల్టర్ ఎకర్‌సాల్ చదువు సంగతేంటని పత్రికలు తవ్వడం మొదలెట్టాయి. ప్రవేశానికి కావలసిన అర్హతలు సరిగ్గా లేకుండానే అతను క్లాసుల్లోకి వచ్చాడు, ఆడినన్నాళ్ళూ ఆడాడు, డిగ్రీ మాత్రం రాలేదు. అదే ఏడు దేశవ్యాప్తంగా ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్ళు చచ్చిపోతున్నారని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీలవాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. ఆ గొడవల్లోంచే మరుసటేడు పుట్టిన సంఘం తర్వాత ఎన్‌సీఏఏ అయింది. ప్రాణం పోవడం, డబ్బు రావడం, అబద్ధపు అడ్మిషన్లు, సంస్కరణ సంఘం: ఇవాళ మనం చూసే సమస్తమూ 1905కే ఉంది. నూట ఇరవై ఏళ్ళలో కొత్తగా చేరింది టీవీ ఒక్కటే అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత వచ్చింది కాంక్రీటు. హార్వర్డ్ 1903లోనే పెద్ద స్టేడియం కట్టింది, యేల్ 1914లో. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఇది జాతరలా సాగింది. ఒహైయో స్టేట్ 1922, ఇల్లినాయ్, బర్క్‌లీ 1923, మిషిగన్ 1927. చాలావాటికి 'మెమోరియల్ స్టేడియం' అని పేరు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం చందా అడిగితే ఎవడు కాదంటాడు? మిషిగన్ అయితే బాండ్లు అమ్మి కట్టింది. కొన్నవాళ్ళకి టికెట్లలో ప్రాధాన్యం.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే, దీని గురించి తక్కువ మాట్లాడతారు. జట్టు అంటే మనుషులు. ఈ ఏడు ఉంటారు, వచ్చే ఏడు పోతారు, వద్దనుకుంటే ఆపేయొచ్చు. స్టేడియం అలా కాదు. ఒకసారి కాంక్రీటు పోశాక అప్పు తీర్చాలి. అప్పు తీరాలంటే సీట్లు నిండాలి. సీట్లు నిండాలంటే గెలవాలి. గెలవాలంటే మంచి కోచ్ కావాలి, అతను అడిగిన కుర్రాళ్ళు రావాలి, ఆ కుర్రాళ్ళు ఏ క్లాసులో కూర్చుంటారన్నది మరీ పట్టించుకోకూడదు. ఆట కోసం కట్టిన కట్టడం కోసం ఆట ఆడాల్సి వస్తుంది. 1929లో కార్నెగీ ఫౌండేషన్ వందకు పైగా కాలేజీలు తిరిగి చూసి రాసిన నివేదిక బయటపెట్టింది ఇదే: ఆటగాళ్ళకి దొడ్డిదారిన డబ్బులివ్వడం ఎక్కడో ఒకచోట జరిగే తప్పు కాదు, మామూలు వ్యవహారం. అది అచ్చయిన అక్టోబరులోనే స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. నివేదికని పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది.

షికాగో కూడా స్టాగ్ ఫీల్డ్‌ని పెంచుకుంటూ పోయింది. కానీ చుట్టుపక్కల రాష్ట్రాల యూనివర్సిటీలు దానికంటే ఎన్నో రెట్లు పెద్దవి, విద్యార్థులెక్కువ, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి అనువైన కోర్సులూ ఎక్కువ. షికాగోలో అలాంటివి లేవు, పెట్టడానికి ప్రొఫెసర్లు ఒప్పుకోలేదు. 1929లో హచిన్స్ ముప్ఫై ఏళ్ళకే అధ్యక్షుడయ్యాడు. 1932లో స్టాగ్‌కి డెబ్బై ఏళ్ళు నిండాయని రిటైర్ చేశారు. ముసలాయన ఊరుకోలేదు. కాలిఫోర్నియా వెళ్ళి ఇంకో కాలేజీకి కోచ్‌గా చేరాడు, తొంభై దాటాక కూడా ఆటని వదల్లేదు. 1935లో బెర్వాంగర్ ట్రోఫీ గెలిచిన ఏడు జట్టు నాలుగు గెలిచి నాలుగు ఓడింది. దేశంలోకెల్లా మేటి ఆటగాడున్నా అంతే. ఆ ట్రోఫీని వాళ్ళ బంధువు ఒకావిడ తలుపు మూసుకోకుండా అడ్డంగా పెట్టుకునేదట. 1936లో వృత్తి ఫుట్‌బాల్ మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. వాళ్ళిచ్చే జీతం చాలక వెళ్ళలేదు.

1938 డిసెంబర్‌లో హచిన్స్ సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్‌లో ఒక వ్యాసం రాశాడు. అందులో నాకు నచ్చేది ఆదర్శాల భాగం కాదు, పది సెంట్ల ప్రతిపాదన. టికెట్ ధర పది సెంట్లు చెయ్యండి, కోచ్ ఉద్యోగాన్ని గెలుపోటములతో ముడిపెట్టకండి, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది అంటాడు. రోగం ఆటలో లేదు, గేటు దగ్గర వసూలయ్యే డబ్బులో ఉందన్నమాట. ఎవరూ పది సెంట్లకి దించలేదు. ఏడాది తర్వాత ఆయనే తన జట్టుని తీసేశాడు.

తియ్యగలిగాడు, ఎందుకంటే ప్రభుత్వ యూనివర్సిటీ కాదు కాబట్టి శాసనసభకి జవాబు చెప్పక్కర్లేదు. జట్టు ఓడిపోతోంది కాబట్టి అభిమానులు అలిసిపోయారు. స్టాగ్ ఊళ్ళో లేడు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ తీర్మానం నెగ్గేది కాదని నా నమ్మకం. ధైర్యం లేదని కాదు, ధైర్యానికి సమయం కూడా కలిసొచ్చింది.

తర్వాత ఆ ఖాళీ స్టేడియంలో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. పడమటి గ్యాలరీ కింద రాకెట్ ఆటలకి వాడే ఒక గదిలో, 1942 డిసెంబర్ 2న, ఎన్రికో ఫెర్మీ బృందం గ్రాఫైట్ దిమ్మెలు, యురేనియం పేర్చి మొట్టమొదటి అదుపులో ఉన్న అణు శృంఖల చర్యని సాధించింది. ఊరి బయట అడవిలో చెయ్యాల్సిన ప్రయోగం, అక్కడి కట్టడం పని సమ్మె వల్ల ఆగిపోవడంతో జనం మధ్యకి వచ్చింది. ప్రాజెక్టు బాధ్యుడు ఆర్థర్ కాంప్టన్ ఈ విషయం హచిన్స్‌ని అడగనే లేదు. అడిగితే వద్దనక తప్పదు కదా అని. ఫుట్‌బాల్ తీసేస్తే శాస్త్రం వికసించిందని ఈ కథకి నీతి అంటగట్టేవాళ్ళుంటారు. ఆ గదిలో మొదలైంది మూడేళ్ళలో హిరోషిమా చేరింది. నాకు ఆ నీతి గొంతు దిగదు.

గ్యాలరీలని 1957లో పడగొట్టారు. ఆ మైదానం మీదే 1970లో రెగెన్‌స్టైన్ లైబ్రరీ తెరిచారు. మనకి ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. పీఎల్ 480 అనగానే మన పెద్దవాళ్ళకి రేషన్‌షాపు అమెరికన్ గోధుమలు గుర్తొస్తాయి. ఆ గోధుమలకి ఇండియా కట్టిన రూపాయల్లో కొంత భాగంతో అమెరికా, 1960లలో, మనదేశంలో అచ్చయిన పుస్తకాలు కొని తమ యూనివర్సిటీ లైబ్రరీలకి పంపింది. షికాగో అందులో ఒకటి. అలా చేరిన తెలుగు పుస్తకాలు, తర్వాత చేరుతూ వచ్చినవీ, ఒకప్పుడు జనం గొంతు చించుకుని అరిచిన నేల మీద ఇవాళ అరల్లో ఉన్నాయి. ఇక్కడ దొరకని పాత తెలుగు పుస్తకం అక్కడి కేటలాగులో కనిపించినప్పుడు కలిగే ఈర్ష్య, పరిశోధన చేసేవాళ్ళందరికీ పరిచయమే.

అయితే లెక్క సరిగ్గా చెప్పుకోవాలి. ఫుట్‌బాల్ మీద మిగిలిన డబ్బుతో ఆ లైబ్రరీ కట్టలేదు. రెగెన్‌స్టైన్ అనే వ్యాపారి కుటుంబం ఇచ్చిన విరాళం అందులో ముఖ్యం, అదీ రద్దయిన పాతికేళ్ళ తర్వాత. మిగిలింది డబ్బు కాదు, స్థలం. ఇంకోటి: విస్కాన్సిన్ యూనివర్సిటీ మ్యాడిసన్‌లో క్యాంప్ ర్యాండల్ స్టేడియం 1917 నుంచీ ఉంది, శనివారాలు ఊరు ఊరంతా ఎర్రచొక్కాలే. వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు చెప్పింది అదే క్యాంపస్‌లో. కాబట్టి స్టేడియం ఉంటే సరస్వతి ఉండదని నేను వాదించబోవడం లేదు.

నా గొడవ మిషిగన్, ఒహైయోలతో కూడా కాదు. లక్షమంది టికెట్ కొనేచోట వాళ్ళ లెక్క వాళ్ళకి సరిపోతుంది. వాళ్ళని చూసి వాతలు పెట్టుకునేవాళ్ళతో. ఎన్‌సీఏఏ లెక్కల్లోనే, 2019లో క్రీడల మీద పెట్టినదానికంటే ఎక్కువ సంపాదించిన యూనివర్సిటీలు 25. మిగతా వందలాది చోట్ల ఆ లోటు ఎక్కణ్ణుంచి పూడుతుంది? యూనివర్సిటీ సొంత నిధుల్లోంచి, విద్యార్థుల ఫీజుల్లోంచి. మనవాడు ఎమ్మెస్‌కని వెళ్ళి, ఫీజు రసీదులో అథ్లెటిక్స్ అన్న వరస చూసి, ఇదేంటని ఎవరినీ అడక్కుండా కట్టేస్తాడు. ఒక్క మ్యాచ్ చూడకుండానే డిగ్రీ పట్టుకుని బయటికొస్తాడు. హుడీ మాత్రం కొనుక్కుంటాడు. బర్క్‌లీలో 1923 నాటి స్టేడియం సరిగ్గా భూకంప రేఖ మీద ఉంది. దాన్ని 32 కోట్ల డాలర్లు పోసి బాగుచేసి 2012లో మళ్ళీ తెరిచారు. ఖరీదైన సీట్ల మీద దశాబ్దాల హక్కులు అమ్మి అప్పు తీర్చేద్దామనుకున్నారు. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు, చివరికి భారంలో పెద్ద వాటా క్యాంపస్ నెత్తిన పడింది. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023లో ఒక కోచ్‌ని తీసేయడానికి ఒప్పుకున్న పరిహారం ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. పని చెయ్యనందుకు.

మరి ఎవరూ హచిన్స్‌లా ఎందుకు చెయ్యరు? చేసి చూశారు. అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ శాఖ ఖర్చు భరించలేమని 2014 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ రద్దు చేసింది. ఊరు తిరగబడింది, దాతలు ముందుకొచ్చారు, ఆరు నెలల్లో నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2017లో జట్టు మళ్ళీ మైదానంలోకి దిగింది, 2021కల్లా ఊళ్ళో కొత్త స్టేడియం కూడా వచ్చింది. రద్దు చేద్దామనుకున్నవాళ్ళు మొదటికంటే ఎక్కువ ఖర్చులో తేలారు. ఆ ఊరివాళ్ళని వెక్కిరించలేను. వాళ్ళకి ఆ యూనివర్సిటీతో ఉన్న ఒకే ఒక్క బంధం ఆ ఆటేమో. లైబ్రరీ లోపలికి వాళ్ళని ఎవరు రమ్మన్నారు గనక.

2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు చెల్లించొచ్చు. మొదటి ఏడు ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 1929లో దొడ్డిదారిన ఇచ్చినదే ఇప్పుడు సింహద్వారంలోంచి వస్తోంది. తలలు పగలగొట్టుకునేవాళ్ళకి వాటా దక్కడం న్యాయమే, నేను సంతోషించాను. కానీ జీతం తీసుకునే ఆటగాడు, కోట్లు తీసుకునే కోచ్, అప్పుతో కట్టిన స్టేడియం ఉన్నాక, దాన్ని యూనివర్సిటీ తన పేరుమీద ఎందుకు నడపాలన్నదానికి ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. మొదలుపెట్టినప్పుడు హార్పర్ దగ్గర జవాబుంది: మమ్మల్ని ఎవరూ ఎరగరు, అందుకని. నూరేళ్ళు దాటిన యూనివర్సిటీలకి ఆ జవాబు నప్పదు.

షికాగోలో ఫుట్‌బాల్ మళ్ళీ వచ్చింది, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. 1963లో సరదా స్థాయిలో ఒక జట్టు పెడితే విద్యార్థులు కొందరు మైదానం మధ్యలో బైఠాయించారు, పోలీసులొచ్చారు. 1969లో అధికారికంగా పునరుద్ధరించారు. ఇప్పుడు వాళ్ళు ఆడేది డివిజన్ త్రీలో. అక్కడ ఆట చూపించి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీల్లేదు. కొత్త మైదానం పాతచోటికి కాస్త దూరంలో ఉంది. దానికీ స్టాగ్ పేరే పెట్టారు.