ఓటు లేని అధికారి

పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఎవరికి దక్కాలో తేల్చేది శాస్త్రవేత్తలేనని చాలామంది అనుకుంటారు. నిపుణులంతా ఒకచోట కూర్చుంటారు, దరఖాస్తులు పరిశీలిస్తారు, మార్కులు వేస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటున్నాం. అయితే ఆ గదిలోకి ఎవరిని పిలవాలి, ఏ దరఖాస్తు ఎవరి చేతికి ఇవ్వాలి, ఏ చర్చ మొదలయ్యే ముందు ఎవరు లేచి బయటికి వెళ్లాలి అన్నవి చూసుకునేది ఒక ప్రభుత్వ ఉద్యోగి. ఆ ఉద్యోగికి ఓటు లేదు, మార్కులు వేసే హక్కూ లేదు. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల సముదాయం, అంటే ఎన్‌ఐహెచ్‌లో, ఈ కొలువు చరిత్ర దాదాపు ఎనభై ఏళ్లది. నిపుణుల పాండిత్యం ఎంత గొప్పదైనా, దాన్ని న్యాయమైన తీర్పుగా మలిచేది ఈ ఓటు లేని అధికారి కాపాడే నియమాలేనని ఆ చరిత్ర చెబుతోంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో వానెవర్ బుష్ నాయకత్వాన 1941లో ఏర్పడిన ప్రభుత్వ పరిశోధన కార్యాలయం పెనిసిలిన్ వంటి మందుల పరిశోధన కోసం యూనివర్సిటీలతో ఒప్పందాలు చేసుకుంది. యుద్ధం ముగిసేసరికి మిగిలిపోయిన వైద్య పరిశోధనల బాధ్యత ఎన్‌ఐహెచ్‌కు వచ్చింది. అందుకోసం 1946 జనవరిలో రీసెర్చ్ గ్రాంట్స్ ఆఫీసు తెరిచారు. దాని తొలి అధిపతి డాక్టర్ కాసియస్ వాన్ స్లైక్. ఒక్కో శాస్త్ర విభాగానికి బయటి నిపుణులతో ఒక్కో ‘స్టడీ సెక్షన్’ ఏర్పాటు చేశారు. వాళ్లు పరిశోధన నాణ్యతను తూచాక, జాతీయ సలహా మండలి రెండోసారి పరిశీలిస్తుంది. ఈ రెండంచెల పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. 1947లో 80 లక్షల డాలర్లున్న ఎన్‌ఐహెచ్ బడ్జెట్ 1966 నాటికి 100 కోట్ల డాలర్లు దాటింది. అందులో గ్రాంట్లుగా వెళ్లిన ప్రజాధనం పంపిణీ ఈ ఏర్పాటు మీదనే సాగింది.

నిపుణులను పిలిచి నిర్ణయం వాళ్లకే వదిలేస్తే చాలదా? ఆ ప్రశ్నకు జవాబు తొలి ఏడాదిలోనే ఉంది. 1946లో సిఫిలిస్ స్టడీ సెక్షన్ గ్వాటెమాలాలో ఒక పరిశోధనకు సిఫారసు చేసింది. అది మంజూరైంది. ఆ గ్రాంటు కింద ఖైదీలకు, సైనికులకు, మానసిక చికిత్సాలయాల్లోని రోగులకు, వాళ్ల సమ్మతి లేకుండానే సుఖవ్యాధులు అంటించారు. 2011లో అమెరికా అధ్యక్షుడి జీవనైతిక కమిషన్ లెక్క ప్రకారం, అలా కావాలని వ్యాధికి గురిచేసినవారు 1,308 మంది. ప్రయోగాలను పర్యవేక్షించిన అమెరికా ప్రజారోగ్య శాఖ ప్రయోగశాల అధిపతి డాక్టర్ జాన్ మహనీ ఆ స్టడీ సెక్షన్‌లో సభ్యుడు కూడా. ఆ సెక్షన్‌లో పాండిత్యానికి లోటు లేదు. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది తమ వాళ్ల పనిని తామే తూచారు. అలా కుదరదని చెప్పే నియమం అప్పటికి లేదు. 2010 అక్టోబరులో అమెరికా క్షమాపణ చెప్పింది.

ఆ తరువాతి దశాబ్దాల్లో ఒక్కో నియమం వచ్చి చేరింది. మనుషుల మీద జరిగే పరిశోధనను ముందుగా ఆ సంస్థలోనే ఒక కమిటీ పరిశీలించాలని 1966లో ప్రజారోగ్య శాఖ షరతు పెట్టింది. సమీక్ష బృందంలో ప్రభుత్వ ఉద్యోగులు నాలుగో వంతుకు మించకూడదు. తన సంస్థ దరఖాస్తు చర్చకు వస్తే సభ్యుడు గది వదిలి వెళ్లాలి. గ్రాంటు కార్యక్రమాలు నడిపే అధికారి వేరు, సమీక్ష నడిపే అధికారి వేరు. అందరూ వేసిన మార్కుల సగటు కట్టి, చర్చ సారాంశం రాసి దరఖాస్తుదారుకు పంపేది ఈ సమీక్ష అధికారే, అంటే ఓటు లేని ఆ ఉద్యోగే. ఒకప్పుడు ఆ నివేదిక గులాబీ రంగు కాగితాల మీద వచ్చేది. తన ప్రతిపాదన ఎందుకు నెగ్గలేదో శాస్త్రవేత్తకు రాతపూర్వకంగా తెలిసేది దానివల్లే. తిరస్కరణకు కారణం చెప్పి తీరాలన్న ఆ పద్ధతి ప్రజాస్వామ్యానికి దక్కిన చిన్న విజయం కాదు.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవీ కావు. మొదటిది, సభ్యులను ఎంచుకునే చేతిలోనే ఫలితమూ ఉంటుందన్నది. నిజమే, అది పెద్ద అధికారం. అందుకే సభ్యుల జాబితాలు బహిరంగంగా పెడతారు, రెండో అంచె పరిశీలన ఉంచారు, నిర్ణయంపై అప్పీలుకు దారి ఇచ్చారు. రెండో అభ్యంతరం అదృష్టం గురించి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు వచ్చిన 150 దరఖాస్తులను స్టీఫెన్ కోల్ బృందం వేరే నిపుణులతో మళ్లీ తూయించింది. దరఖాస్తు భవితవ్యంలో దాదాపు సగం, అది ఎవరి చేతిలో పడిందన్న దాన్నిబట్టే ఉంటుందని 1981లో ప్రకటించింది. మూడోది పక్షపాతం. ఇతర అర్హతలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, నల్లజాతి శాస్త్రవేత్తలకు ఎన్‌ఐహెచ్ గ్రాంటు దక్కే అవకాశం శ్వేతజాతివారికన్నా సుమారు 10 శాతం పాయింట్లు తక్కువని డోనా గింథర్ బృందం 2011లో చూపింది.

ఈ రెండు అధ్యయనాల వల్ల పీర్ రివ్యూనే ఎత్తేయాలనేవారున్నారు. నా దృష్టిలో అవి చెప్పేది మరొకటి. కోల్ కనిపెట్టిన అదృష్టం, గింథర్ పట్టుకున్న పక్షపాతం, రెండూ మార్కులు వేసే నిపుణుల దగ్గరే మొదలవుతున్నాయి. వాటిని తగ్గించే ఉపాయం మాత్రం పద్ధతిని దిద్దేవారి చేతిలో ఉంది. శాస్త్రవేత్త, సంస్థల పేరుప్రతిష్ఠలు మార్కులను శాసించకుండా ఎన్‌ఐహెచ్ 2025 నుంచి సమీక్షను మార్చింది. అర్హత, వసతులు సరిపోతాయా లేదా అని మాత్రమే చెప్పాలి, వాటికి విడిగా అంకె వేయకూడదు. ఈ మార్పు ఎంత ఫలిస్తుందో కాలం తేలుస్తుంది. కానీ లోపం బయటపడ్డాక దాన్ని దిద్దగల చోటు వ్యవస్థలో ఉందని రుజువైంది. అలాంటి చోటు లేని పద్ధతిలో లోపం ఆనవాయితీగా మారుతుంది.

పరిశోధన నిధుల సమీక్షను ఎవరు, ఎలా నడపాలన్నది మన దేశంలోనూ పాత ప్రశ్నే. 2008 చట్టంతో వచ్చిన సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు స్థానంలో 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఆచార్యులూ అక్కడికే దరఖాస్తు చేసుకుంటారు. నిధులు ఎన్ని వేల కోట్లన్న చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. దాంతోపాటు సమీక్షకులను ఎవరు ఎంచుకుంటున్నారు, సొంతవాళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సమీక్షకులు బయటికి వెళుతున్నారా, తిరస్కరించినప్పుడు కారణం రాసి ఇస్తున్నారా అని కూడా అడగాలి. పన్ను కట్టే ప్రతి పౌరుడికీ ఆ హక్కు ఉంది.