గాలం దారం కొంటున్నారా? బలం, మందం ఇంటి దగ్గరే ఇలా పరీక్షించుకోండి

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు చెరువుల్లో చేపలు పెరిగాయి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత, 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా వదులుతున్న చేపపిల్లలు ఇందుకు కారణం. పొలంలో కుంట తవ్వుకొని బొచ్చె, రవ్వ, బంగారుతీగ వేసుకుంటున్న చిన్న రైతులూ ఉన్నారు. ఇంటికి రెండు కిలోలు కావాలన్నా, చేప ఎంత పెరిగిందో చూడాలన్నా ప్రతిసారీ వల వేయించలేరు. గాలమే సులువు. కొర్రమీనుకైతే చాలామంది గాలాన్నే నమ్ముకుంటారు.

ఈ మధ్య దుకాణాల్లో ఒంటిపోగు నైలాన్ దారం పక్కనే సన్నగా, మెత్తగా, రంగురంగులుగా అల్లిక దారం కనిపిస్తోంది. నాలుగు లేదా ఎనిమిది పోగులను జడలా అల్లి దీన్ని తయారు చేస్తారు. సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది. తామర తీగల్లో, గుర్రపుడెక్కలో చేప చుట్టుకున్నా లాగి తీయవచ్చు. అందుకే ధర ఎక్కువైనా కొంటున్నారు. చిక్కల్లా రీలు మీద రాసిన అంకెలతోనే. చౌక రీళ్లలో ఎక్కువ వాటి మీది బలం, మందం రెండూ నమ్మదగ్గవి కావు. బలం ఎక్కువ రాస్తారు, మందం తక్కువ రాస్తారు. ఆ అంకెను నమ్మి పెద్ద చేపకు గాలం వేస్తే దారం తెగుతుంది, గాలం నోట్లో మిగిలిన చేప మేత తినక కుంటలోనే చస్తుంది. తెగిన దారం గట్టున గడ్డిలో పడితే బర్రె కాలికో, కొంగ కాలికో చుట్టుకుంటుంది. ఇది మట్టిలో కుళ్లదు.

ముందు రీలు మీది అంకెలు చదవడం చూద్దాం. 'ఎల్‌బి' అని ఉంటే పౌండ్లు. ఒక పౌండు 454 గ్రాములు. 20 పౌండ్లంటే 9 కిలోలు, 30 అంటే 13.6 కిలోలు, 60 అంటే 27 కిలోలు. పక్కన 0.20 అనో 0.30 అనో ఉండేది మిల్లీమీటర్లలో మందం. కొన్ని రీళ్ల మీద 'పీఈ 1', 'పీఈ 2' అని ఉంటుంది. అది జపాన్ లెక్క. పీఈ 1 అంటే 200 డెనియర్, పీఈ 2 అంటే 400 డెనియర్.

డెనియర్ అంటే సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఎవరినడిగినా చెబుతారు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మెట్‌పల్లి ఖాదీలో నూలు నంబరు చెప్పేదీ పొడవు, బరువు లెక్కలోనే. నేతవాళ్లు నూలు మందాన్ని స్కేలు పెట్టి కొలవరు, ఎందుకంటే నూలు నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. గాలం అల్లిక దారమూ అంతే. స్క్రూగేజిలో పెట్టి బిగిస్తే ఎంత బిగిస్తే అంత సన్నగా చూపిస్తుంది. అమ్మేవాడు అలా కొలిచి చూపిస్తే ఒప్పుకోకండి.

తూకంతో తేలే నిజం

రీలు నుంచి సరిగ్గా 10 మీటర్ల దారం తీయండి. నేలలో మీటరు ఎడంగా రెండు మేకులు కొట్టి, దారాన్ని వాటి చుట్టూ ఐదు చుట్లు తిప్పితే 10 మీటర్లవుతుంది. సాగేలా లాగకండి, వదులుగానూ వదలకండి. దాన్ని చిన్న చుట్టగా చుట్టి బంగారం దుకాణానికి తీసుకెళ్లి తూకం వేయించండి. అక్కడి కాంటా గ్రాములో నూరో వంతు కూడా చూపిస్తుంది. కిరాణా కాంటా దీనికి పనికిరాదు.

వచ్చిన గ్రాములను 900తో గుణిస్తే డెనియర్ వస్తుంది. అదే గ్రాములను 40తో గుణిస్తే ఆ దారం మోయగల గరిష్ఠ బరువు కిలోల్లో వస్తుంది. ఇది మంచి అల్లిక దారాల్లో వాడే గట్టి రకం పాలిఇథిలీన్ పోగుకు, అంటే డైనీమా, స్పెక్ట్రా పేర్లతో తెలిసిన జాతికి, నేను కొంచెం ఉదారంగానే వేసిన లెక్క. అల్లికలో కొంత బలం పోతుంది కాబట్టి చేతికొచ్చే బలం ఇంకా తక్కువే ఉంటుంది. మామూలు నైలాన్ అయితే 40కి బదులు 8తో గుణించండి.

ఉదాహరణకు రీలు మీద 60 పౌండ్లు, 0.20 మిల్లీమీటర్లు అని ఉంది అనుకుందాం. 10 మీటర్లు 0.40 గ్రాములు తూగింది. 0.40ను 40తో గుణిస్తే 16 కిలోలు. రీలు చెప్పేది 27 కిలోలు. ప్రపంచంలో దొరికే అత్యుత్తమ పోగుతో అల్లినా ఆ బరువు దారానికి 27 కిలోలు రావు. తెంపి చూడకముందే అబద్ధం బయటపడింది. మన వైపు రైతులు ఈ ఒక్క తూకం నేర్చుకుంటే చాలు, సగం నకిలీలు దుకాణంలోనే ఆగిపోతాయని నా నమ్మకం.

ఇక మందం. నున్నటి పెన్సిలు మీద దారాన్ని ఒకదాని పక్కన ఒకటి ఆనుకొనేలా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా 50 చుట్లు చుట్టండి. చుట్టిన వెడల్పును పిల్లల స్కేలుతో కొలిచి 50తో భాగించండి. 14 మిల్లీమీటర్లు వస్తే మందం 0.28. గట్టిగా లాగి చుడితే దారం బల్లపరుపుగా అయి వెడల్పు ఎక్కువ వస్తుంది, అందుకే మోస్తరు బిగువు చాలు. నాలుగు పోగుల దారం కొంచెం చదునుగా, గరుకుగా ఉంటుంది. ఎనిమిది పోగులది గుండ్రంగా ఉంటుంది. రీలు మీది అంకెకు, మీకు వచ్చిన దానికి కొంచెం తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. 0.20 అని రాసి 0.28 వస్తే అది కొంచెం కాదు. మందం ఒకటిన్నర రెట్లయితే దారం అడ్డుకోత రెండింతలు దాటుతుంది. అంటే వాడు సన్నటి దారమని చెప్పి లావు దారం అమ్మి, లావు దారానికి ఉండాల్సిన బలం కూడా ఇవ్వలేదన్నమాట.

పోగు రకం మీద అనుమానం ఉంటే చిన్న ముక్క కత్తిరించి, రెండు చుక్కల సబ్బునీరు కలిపిన గ్లాసులో ముంచి, వేళ్లతో నలిపి గాలి పోగొట్టి వదలండి. పాలిఇథిలీన్ నీటికన్నా తేలిక, తేలుతుంది. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. తేలినంత మాత్రాన గట్టి రకమని కాదు, మామూలు ప్లాస్టిక్ తాడు కూడా తేలుతుంది. కానీ మామూలు అల్లిక దారమని అమ్మినది బుడుంగున మునిగితే అది పాలిస్టరో నైలానో అయి ఉండవచ్చు. కావాలనే మునిగేలా వేరే పోగు కలిపి అల్లే రకాలు ఉన్నాయి, వాటి మీద ఆ మాట రాసి ఉంటుంది. చేతికి రంగు అంటుకుంటే మాత్రం భయపడకండి. ఈ పోగు రంగును లోపలికి పీల్చుకోదు, పైపూతగానే వేస్తారు.

బకెట్ పరీక్ష

బలం చూడటానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఒక బకెట్, ఒక లీటరు మగ్గు, రెండు నున్నటి గొట్టం ముక్కలు చాలు. ఒక లీటరు నీళ్లు ఒక కిలో. బకెట్ సొంత బరువు ముందే కాంటా మీద చూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పని దారం చివర ముడి వేసి బకెట్ వేలాడదీయడం. అప్పుడు తెగేది ముడి దగ్గరే. అది ముడి బలం చెబుతుంది గాని దారం బలం కాదు. దారం బలం చూడాలంటే ముడి మీద బరువు పడకూడదు. అంగుళం లావు పీవీసీ గొట్టం ముక్క ఒకటి పైన దూలానికి అడ్డంగా కట్టండి. దానికి దారాన్ని ఏడెనిమిది చుట్లు చుట్టి చివరను టేపుతో అంటించండి. కింద బకెట్ పిడికి కట్టిన రెండో గొట్టానికీ అలాగే చుట్టండి. చుట్ల రాపిడే బరువును పట్టుకుంటుంది. ఈ దారం జారుడు స్వభావం కలది, జారుతుంటే ఇంకో నాలుగు చుట్లు వేయండి. మధ్యలో అర మీటరు దారం ఉండాలి.

బకెట్ నేల నుంచి జానెడు ఎత్తుకు మించొద్దు. కింద గోనె సంచులు పరవండి. నీళ్లు మెల్లగా పోయండి, గుప్పున పోస్తే ఆ కుదుపుకే తెగుతుంది. మీరు దారానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి, పిల్లలను దూరంగా ఉంచండి. తెగినప్పుడు దారం కొరడాలా విసురుతుంది, కంటికి ప్రమాదం. 20 కిలోలు దాటే దారమైతే నీళ్లకు బదులు ఇసుక వాడండి, ముందుగా తూచి పెట్టుకున్న సంచులతో. మక్కల సంచులు తూచే వేలాడే కాంటా ఉంటే దాన్నే మధ్యలో పెట్టి లాగి చూసినా సరే.

ఒక్కసారి తెంపి చూసి తేల్చేయకండి. రీలులో వేర్వేరు చోట్ల నుంచి ఐదు ముక్కలు తీసి ఐదుసార్లు చేయండి. మన ఉదాహరణలోని దారం 10.2, 9.6, 10.4, 8.1, 10.0 కిలోల దగ్గర తెగింది అనుకోండి. సగటు 9.7 కిలోలు. నేనైతే సగటును కాదు, 8.1నే లెక్కలోకి తీసుకుంటాను. చేప లాగేటప్పుడు సగటు చోట తెగదు, బలహీనమైన చోటే తెగుతుంది. ఐదింటిలో ఒకటి మిగతావాటికి సగం కూడా రాకపోతే ఆ రీలు అల్లికలోనే లోపం ఉంది, వెనక్కిచ్చేయండి.

నైలాన్ దారమైతే గంటసేపు నీళ్లలో నానబెట్టాకే పరీక్షించాలి. నైలాన్ నీళ్లు పీల్చి పదో వంతుకు పైగా బలం కోల్పోతుంది. పోటీల్లో పట్టిన చేపల రికార్డులు చూసే అంతర్జాతీయ గాలం క్రీడా సంఘం కూడా దారాన్ని తడిపే పరీక్షిస్తుంది. అల్లిక దారం పోగు నీళ్లు పీల్చదు కాబట్టి తడికి పెద్ద తేడా రాదు.

ముడి దగ్గర పోయే బలం

ఇప్పుడు అదే పరీక్ష గాలం కట్టి, మీరు రోజూ వేసే ముడితోనే చేయండి. ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మామూలు పీటముడి అల్లిక దారంలో సగం బలాన్ని తినేస్తుంది, కొన్నిసార్లు తెగకుండా జారిపోయి గాలమే ఊడిపోతుంది. ఈ దారానికి నప్పే ముడి ఒకటి ఉంది. దారాన్ని రెండు పేటలుగా మడిచి గాలం కంటిలోంచి దూర్చండి. ఆ రెండు పేటలతో వదులుగా ఒక ముడి వేయండి. మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని మొత్తం దాటించండి. ముడిని తడిపి మెల్లగా బిగించండి. తడపడం ఎందుకంటే ఈ పోగు 150 డిగ్రీల లోపే కరుగుతుంది, పొడిగా గబుక్కున బిగిస్తే రాపిడి వేడికే దెబ్బతింటుంది. దీన్ని పాలోమార్ ముడి అంటారు. నాలుగుసార్లు పాత చెప్పు తాడుతో సాధన చేస్తే చేతికొస్తుంది.

ఇంకో జాగ్రత్త. నైలాన్ సాగుతుంది, చేప కుదుపును మింగుతుంది. అల్లిక దారం నూటికి మూడు నాలుగు వంతులకు మించి సాగదు, కుదుపంతా ముడి మీద, కట్టె మీద, మీ చేతి మీద పడుతుంది. అందుకని ముడితో తెగిన బరువులో మూడో వంతుకు మించి లాగొద్దు. ముడితో 6 కిలోలకు తెగితే మీ లాగుడు 2 కిలోలే. వెదురు కట్టె వంగే కొద్దీ ఆ కుదుపు తగ్గుతుంది. చేతికి దారం చుట్టుకొని ఎప్పుడూ లాగకండి, సన్నటి అల్లిక దారం వేలిని కోస్తుంది. చివర అర మీటరు నైలాన్ ముక్క కట్టి, అది అల్లిక దారం కన్నా బలహీనంగా ఉండేలా చూసుకుంటే, తెగినా గాలం దగ్గరే తెగుతుంది, పొడుగాటి దారం చెరువులో మిగలదు.

వల కొనేవాళ్లకూ ఈ తూకం పనికొస్తుంది. వల నూలు మీద 210/2/3 అని ఉంటే 210 డెనియర్ పోగులు రెండు చొప్పున పురి పెట్టి, అలాంటివి మూడు కలిపి పేనారని అర్థం. ఆరు పోగులు, 1,260 డెనియర్. 10 మీటర్లు 1.4 గ్రాములు తూగాలి, పురి వల్ల ఇంకొంచెం ఎక్కువే రావచ్చు. అంతకన్నా తక్కువ తూగితే పోగులు తగ్గించి అమ్ముతున్నట్టే.

బీర, కాకర పందిళ్లకు మాత్రం అల్లిక దారం వాడొద్దు. గట్టిగా ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. ఈ పోగు నిరంతరం బరువు మోస్తే నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి పందిరి జారుతుంది.

కుంట మీదైతే మీ ఇష్టం. ఊరి చెరువైతే చాలా చోట్ల చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, వారిని అడిగాకే గాలం వేయండి. ఎండాకాలం అంతా కట్టె మీదే ఎండిన దారాన్ని వానలు పడగానే మళ్లీ బకెట్‌కు కట్టి చూడండి. మొదటి ఐదారు మీటర్లు రాళ్లకు రాసుకొని పోగులు లేచి ఉంటాయి. అంతవరకు కోసేసి, మిగతాది తలకిందులుగా చుట్టుకుంటే వాడని కొస పైకొస్తుంది. కోసిన ముక్కలను గట్టున పారేయకుండా సీసాలో వేసి మూత పెట్టండి.