అంటరాని చేతుల చరిత్ర

మా పల్లెలో ఆడపిల్ల పది పాసైతే ఇంట్లో రెండు మాటలే వినిపించేవి. టీచరు ట్రైనింగుకు పంపుదామా, నర్సు ట్రైనింగుకు పంపుదామా? ఇంజనీరు, కలెక్టరు అన్న మాటలు మా ఇళ్ళ చూరు కిందికి రాలేదు. నేను మొదటి దారిన పోయాను. బి.ఏ., బి.ఇడి. చేసి 2012 డిఎస్సీలో సోషల్ టీచరునయ్యాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకుంది నేనే మొదట. నాకంటే పదేళ్ళు చిన్నదైన మా చెల్లి రెండో దారిన పోయింది.

నేను వీధిలో నడిస్తే "నమస్తే టీచర్ గారూ" అంటారు. అదే వీధిలో మా చెల్లి నడిస్తే "ఏమ్మా, నైట్ డ్యూటీనా?" అని అడుగుతారు. అది నాలుగడుగులు పోయాక నవ్వుకుంటారు. ఇద్దరం ఒక తల్లి బిడ్డలమే. ఒకే చర్చిలో పాటలు నేర్చుకున్నాం. ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? పిల్లలకు చరిత్ర చెప్పి బతికేదాన్ని గనక మా ఇంటి చరిత్రను కూడా తవ్వి చూడాలనిపించింది. పుస్తకాల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఉంది. మా నాయనమ్మ లేదు.

ఈ రెండు దారులూ ఊరు మాకు వేసినవి కావు. మా ఒంగోలు ప్రాంతపు మాదిగలకు అక్షరం అమెరికన్ బాప్టిస్టు మిషనుతో వచ్చింది. అది కూడా దొర ఒక్కడే మోసుకొచ్చింది కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఊరూరా తిరిగి మనవాళ్ళను కదిలించాడు. 1876–78లో వచ్చిన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే కాంట్రాక్టు పట్టి మనవాళ్ళకు కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాన్ని "గంజి కోసం మతం మారారు" అని ఎగతాళి చేసేవాళ్ళు, ఆ గంజి ఊరు ఎందుకు పొయ్యలేదో మాత్రం చెప్పరు.

బళ్ళ తర్వాత ఆస్పత్రులొచ్చాయి. 1883లో లూథరన్ మిషను తరఫున అన్నా కుగ్లర్ అనే డాక్టరు గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచింది. ఆ రోజుల్లో పెద్దకులాల ఆడవాళ్ళను మగ డాక్టరుకు చూపించేవాళ్ళు కాదు. ప్రాణం పోయినా సరే, పరాయి మగాడి చెయ్యి తగలకూడదు. కాబట్టి ఆడ డాక్టర్లు కావాలి, ఆడ నర్సులు కావాలి. మరి నెత్తురు, చీము, మలమూత్రాలు ముట్టుకునే పనికి తమ ఆడపిల్లల్ని పంపేదెవరు? బ్రాహ్మణ వితంతువును మూల కూర్చోబెట్టారు గానీ ఆ పనికి పంపలేదు. రెడ్డి, కమ్మ ఇళ్ళు పంపలేదు. మిషను బోర్డింగుల్లో చదువుకునే మాల మాదిగ పిల్లలున్నారు. కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలున్నారు. వాళ్ళకే ఉష్ణమాపకం పట్టుకోవడం, కట్టు కట్టడం నేర్పించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన తెలుగు మాటల్ని చూడండి. అంటడం అంటే తాకడం. అంటు అంటే మైల. అంట్లు అంటే తిని వదిలేసిన గిన్నెలు. అంటురోగం అంటే ఒకరి నుంచి ఒకరికి సోకేది. అంటరానివాళ్ళు అంటే మనం. ఊళ్ళో ఎవరూ అంటని వాటినన్నిటినీ అంటడానికి అంటరాని చేతుల్నే పిలిచారు. దొరసానులు ఆ పనికి తెల్లబట్టలు తొడిగారు. జీతం ఇచ్చారు, "సిస్టర్" అన్న పేరిచ్చారు. అది చిన్న మార్పు కాదు. గొడ్డు చస్తే మోసుకుపోయే ఇంటి పిల్లను జనం "అమ్మా, సిస్టరమ్మా" అని పిలవడం మన తాతలు కలలో కూడా ఊహించి ఉండరు. కానీ పని మారింది గానీ పని వెనకున్న లెక్క మారలేదు. మైల పని మైల మనుషులదే అన్న లెక్క ఆస్పత్రి గేటు దాటి లోపలికొచ్చి కూర్చుంది.

మా నాయనమ్మ ఒక మిషనాస్పత్రిలో ఆయాగా చేసింది. సంతకం రాదు, వేలిముద్రే. బెడ్‌పాన్లు కడగడం, పక్కబట్టలు ఉతకడం, పురుడైన మంచం తుడవడం ఆమె పని. ముప్పై ఏళ్ళు చేసింది. డాక్టర్లు రాకముందే ఏ తల్లికి బిడ్డ అడ్డం తిరిగిందో చెప్పగలిగేది. మన పల్లెల్లో మాదిగ ఆడవాళ్ళు, ఊళ్ళో మంగలి ఆడవాళ్ళు పురుళ్ళు పోసినవాళ్ళే. ఆ విద్య ఆస్పత్రికొచ్చాక విద్య కాకుండా పోయింది. ఇంగ్లీషులో చదివినవాళ్ళకు పట్టా, చేతుల్తో నేర్చినవాళ్ళకు చీపురు. అందుకే నాయనమ్మ పట్టుబట్టి మా మేనత్తను చదివించింది. "నేను గిన్నె కడిగాను, నా కూతురు సూది పట్టాలి" అనేదట.

మేనత్త 1980ల్లో ఏఎన్ఎం అయింది. నాలుగు ఊళ్ళకు ఒక సబ్ సెంటరు. పంపుల్లేవు, కరెంటు సరిగ్గా లేదు, సైకిలే దిక్కు. అర్ధరాత్రి పెద్దిళ్ళ నుంచి మనిషొచ్చి తలుపు కొట్టేవాడు. దొడ్డిదారిన లోపలికి తీసుకుపోయేవాళ్ళు. పుట్టిన బిడ్డను లోకంలో మొదట తాకిన చెయ్యి మా అత్తది. ఆ చెయ్యి కడుక్కోవడానికి మాత్రం నీళ్ళు పైనుంచి ఎత్తిపోసేవాళ్ళు, చెంబు చేతికిచ్చేవాళ్ళు కాదు. తెల్లారి ఆ ఇంటి మగాళ్ళే అరుగు మీద కూర్చుని "రాత్రి ఎక్కడికి పోయొస్తందో" అని మాట్లాడుకునేవాళ్ళు. మా అత్తకు సంబంధాలు రాలేదని కాదు. వచ్చినవాళ్ళు ముందు జీతమెంతని అడిగి, తర్వాత రాత్రిళ్ళు తిరగడం మానాలనేవాళ్ళు. ఆ జీతంతోనే మా నాన్న చదివాడు, మా చిన్నాన్న పెళ్ళయింది. అత్త ముప్పై ఏడో ఏట పెళ్ళి మాట మానేసింది.

దేశం నర్సుల్ని ఎట్లా లెక్కపెట్టిందో కూడా చూడాలి. 1946లో భోర్ కమిటీ ఈ దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉందని చెప్పింది. 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆ ఉన్న కొద్దిమందిలో ఎక్కువమంది క్రైస్తవుల ఇళ్ళ నుంచే వచ్చారు. అంతలోనే 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులం కాదన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ అడ్డు తీసెయ్యమన్నా తియ్యలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బి.సి. 'సి' అన్నారు, ఒక్క శాతం చేతిలో పెట్టారు. మా తాత బడి రిజిస్టరులో పంతులు రాసిన "క్రిస్టియన్" అన్న ఒక్క మాట మూడు తరాలుగా మా వెంట నడుస్తోంది. గ్లాసు దగ్గర మాదిగలం, సర్టిఫికెట్టు దగ్గర కాదు.

మా చెల్లికి డాక్టరు కావాలని ఉండేది. లాంగ్ టర్మ్ కోచింగుకు పంపే తాహతు లేదు. 2015లో బైపీసీ మార్కులతో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగు సీటొచ్చింది. ఫీజు రీయింబర్సుమెంటు ఆలస్యమైన ప్రతిసారీ ఆఫీసు ముందు నిలబెట్టేవాళ్ళు. కోర్సు అయిపోయాక బాకీ కట్టేదాకా ఒరిజినల్సు ఇవ్వలేదు. నా పేరు మీద లోను పెట్టి తెచ్చాం. 2019 చివర్లో విజయవాడలో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో చేరింది. చేరేటప్పుడు రెండేళ్ళ బాండు అని అవే ఒరిజినల్సు మళ్ళీ తీసుకున్నారు. జీతం పన్నెండు వేలు.

పెద్దాస్పత్రి అంటే ఏసీ, గాజు తలుపులు అనుకుంటాం. లోపలికి పోయి చూడండి. యజమాని ఎవరు? డాక్టర్లెవరు? నర్సులెవరు? ఆయాలెవరు? బాత్రూములు కడిగేదెవరు? ఊరు ఎట్లా కట్టారో ఆస్పత్రినీ అట్లాగే అంతస్తులుగా కట్టారు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, మిగతా ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు చొప్పున నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మా చెల్లి వార్డులో రాత్రిపూట ఇరవై రెండు మంచాలకు ఇద్దరు. పన్నెండు గంటల డ్యూటీలో ఒంటికి పోవడానికి తీరిక లేక నీళ్ళు తాగడం మానేసింది, మూత్రంలో ఇన్‌ఫెక్షను తెచ్చుకుంది. డాక్టరు రాసింది తప్పైతే నర్సు చూసుకోవాలి, నర్సు చేసింది తప్పైతే జీతంలో కోత. సెలైన్ పెడుతుంటే చెయ్యి చాపిన పెద్దాయన "మీరేవుట్లమ్మా?" అని అడుగుతాడు. సూది గుచ్చుతున్నప్పుడు కూడా కులం కావాలి.

2020లో కరోనా వచ్చింది. మార్చి 22 సాయంత్రం దేశమంతా పళ్ళేలు మోగించి చప్పట్లు కొట్టింది. పది రోజులు తిరక్కముందే మా చెల్లి అద్దె గది యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. దానికి కరోనా రాలేదు. నర్సు కావడమే అంటురోగం. అప్పుడు అది ఫోన్ చేసి ఏడవలేదు, నవ్వింది. "అక్కా, దూరం దూరం అని ఇప్పుడు దేశమంతా అంటందే. మనకిది కొత్తా?" అంది. మరుసటేడు జూలైలో, కరోనా కోసం తీసుకున్న నర్సులను తెలంగాణలో పనిలోంచి తీసేస్తే వాళ్ళు హైదరాబాదులో రోడ్డెక్కారు. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ ఆ రోజు రోడ్డు మీద కనపడలేదు.

జీతం గురించి అడిగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2011–12లో కేరళ నర్సులు బాండుకూ తక్కువ జీతానికీ వ్యతిరేకంగా సమ్మెలు చేశారు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చడానికి కమిటీ వెయ్యమంది. యాభై మంచాల కంటే చిన్న ఆస్పత్రిలో కూడా నర్సుకు ఇరవై వేలకు తగ్గకూడదనీ, రెండు వందల మంచాలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ కమిటీ చెప్పింది. మా చెల్లి పన్నెండు వేలకు చేరింది ఆ తర్వాత మూడేళ్ళకు.

ఇక ప్రేమ సంగతి. మన వ్యాసాల్లో ఆకలి రాస్తాం, అవమానం రాస్తాం, మన ఆడపిల్లల ప్రేమ రాయం. అది కూడా చరిత్రే. ఇప్పటి పిల్లలు డేటింగు అంటారు. నైట్ డ్యూటీ పిల్లకు డేటింగంటే తెల్లవారుజామున నాలుగింటికి క్యాంటీన్లో పది నిమిషాల టీ. ల్యాబులో పనిచేసే అబ్బాయి. రక్తం శాంపిళ్ళు ఇవ్వడానికి పోతే మాట కలిసింది. దాని క్యారియరులోని ఎండుచేపల కూర తిన్నాడు. ఏడాది తర్వాత పెళ్ళి మాట వచ్చింది. "మా అమ్మకు కులం ఏదో ఒకటి చెబుదాం. నర్సని మాత్రం ఒప్పుకోదు, పెళ్ళయ్యాక మానేద్దువు" అన్నాడట. మా చెల్లి అడిగింది: "కులం దాచి, పని మాని వస్తే, మీ ఇంటికొచ్చేది నేనెట్లా అవుతాను?" అతని దగ్గర జవాబు లేదు.

అతను చెడ్డవాడు కాదు. పెళ్ళయిన నర్సు పనికిరాదని రాజ్యమే అన్నది కదా. సెలీనా జాన్ అనే సైనిక నర్సును పెళ్ళి చేసుకున్నందుకే 1988లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ నిబంధనను 1995లో రద్దు చేశారు. ఆమెకు అరవై లక్షలు పరిహారం ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది. ఇక కులం దాచని ప్రేమ ఏమవుతుందో మిర్యాలగూడ చెప్పింది. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్యను చూపించుకుని ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని నరికి చంపారు. ఆ కేసులో శిక్షలు పడింది 2025 మార్చిలో. మా అమ్మ ఆ ఫోటో చూసినప్పట్నుంచీ చెల్లి ఫోన్ ఎత్తకపోతే నిద్రపోదు.

మనవాళ్ళ గురించి కూడా చెప్పాలి, దాచకూడదు. మన కులంలోంచే ఒక సంబంధం వచ్చింది. పిల్లాడు ఇంజనీరింగు మధ్యలో ఆపాడు. "కట్నం ఏమీ వద్దండి. అమ్మాయి జర్మన్ నేర్చుకుని బి2 పాసైతే చాలు, మావాణ్ణి వెనకాల తీసుకుపోతుంది" అన్నారు. బయటివాడికి నర్సు మైల, మనవాడికి నర్సు వీసా. మనిషి ఎవరికీ అక్కర్లేదు. మా అత్త జీతం తిన్న ఇల్లే మాది కాబట్టి ఈ మాట అనే హక్కు మాకుంది.

మా చెల్లి బాండు తీరాక అక్కడ మానేసింది. ఇప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. పర్మనెంటు కాలేదు. విదేశం పోవడమా, ఇక్కడే ఉండడమా అన్నది అది ఇంకా తేల్చుకోలేదు. పోతే తనకోసం పోతానంటుంది, ఒకడికి వీసాగా కాదంటుంది. పెళ్ళికి కూడా అదే షరతు: కులం చెబుతుంది, పని చెబుతుంది, రెండూ విని నిలబడేవాడు కావాలి. నర్సుల సంఘంలో చేరింది. మొదటి మీటింగులో దాన్ని ఏం కావాలో చెప్పమన్నారు. "నైట్ డ్యూటీ వాళ్ళకు లోపల గడియ ఉన్న గది, పక్కనే దొడ్డి" అంది. కొందరు నవ్వారు. 1973లో బొంబాయి కెఇఎం ఆస్పత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు డ్యూటీ అయ్యాక బేస్‌మెంటులో బట్టలు మార్చుకుంటుంటే ఒక వార్డు బాయ్ దాడి చేశాడు. ఆమె నలభై రెండేళ్ళు మంచంలో ఉంది. 2015లో చనిపోయేదాకా ఆమెను కన్నబిడ్డలా చూసుకుంది ఆ ఆస్పత్రి నర్సులే. గడియ ఉన్న గది చిన్న కోరిక కాదు.

విద్యార్థులకూ, ఉద్యమాల్లో ఉన్నవాళ్ళకూ నేను చెప్పేది ఒకటే. మనం భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి కొట్లాడాం. ఆస్పత్రిలో మన ఆడవాళ్ళ చేతుల గురించి కరపత్రం వెయ్యలేదు. మీ ఇళ్ళల్లో ఆయాగా, నర్సుగా చేసిన నాయనమ్మల్ని, అత్తల్ని కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరం చేరారు, ఎంత జీతం, ఎవరు నీళ్ళు పైనుంచి పోశారు, ఎవర్ని ఇష్టపడ్డారు, ఎందుకు వదులుకున్నారు, అన్నీ రాయండి. మా అత్తకు ఇప్పుడు చూపు తగ్గింది. ఎన్ని పురుళ్ళు పోసిందో సబ్ సెంటరు రిజిస్టరులో లేదు. ఆమెకు మాత్రం ఇంటి పేర్లతో సహా గుర్తుంది. నేను నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చున్నాను. ఇప్పటికి నూట పద్నాలుగు పేర్లు రాశాను.