సూరత్ కట్టడాలను ఎలా చదవాలి?

విద్యార్థులారా! ఏదైనా చారిత్రక స్థలానికి వెళ్లినప్పుడు “దీన్ని ఎవరు కట్టించారు?” అని అడుగుతాం. “ఇంత సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది?” అని కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలతో గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని ఒకసారి చూద్దాం.

తపతి నది ఒడ్డున ఉన్న కోటను 1540లలో గుజరాత్ సుల్తాన్ మూడవ మహ్మూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించాడు. సముద్రం మీదుగా వచ్చే పోర్చుగీసుల దాడుల నుంచి రేవును కాపాడటమే దాని ఉద్దేశం. అంటే అప్పటికే ఇక్కడ కాపాడుకోవలసినంత సంపద ఉందన్నమాట.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరంలో ప్రధానమైన రేవుగా ఎదిగింది. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. బాటసారుల కోసం షాజహాన్ కాలంలో, 1644లో హకీకత్ ఖాన్ ఒక సరాయి కట్టించాడు. అదే మొగల్ సరాయి.

ఇక ఐరోపా వర్తకుల సంగతి. ఆంగ్లేయుల ఓడ ‘హెక్టర్’ 1608లో సూరత్ చేరింది. 1613లో వారికి ఇక్కడ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆనాడు ఫ్యాక్టరీ అంటే యంత్రాలుండే చోటు కాదు. సరుకు కొని నిల్వచేసే గిడ్డంగి, కంపెనీ ఉద్యోగుల నివాసం. ఆ ఫ్యాక్టరీ అధిపతి జార్జ్ ఆక్సెండెన్ 1669లో మరణించాడు. డచ్చి అధికారి వాన్ రీడ్ 1691లో సూరత్‌కు ఓడలో వస్తూ మరణించాడు. మలబారు మొక్కలపై వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’ అనే 12 సంపుటాల గ్రంథం ఆయన చేపట్టినదే. వీరిద్దరి సమాధులూ సూరత్‌లోనే ఉన్నాయి. వాటిని గమనించండి. గుమ్మటాలు, తోరణాలతో అవి నవాబుల సమాధులను తలపిస్తాయి. వ్యాపారానికి వచ్చినవారు ఇక్కడి ప్రభువుల ఠీవిని అనుకరించారు.

మరి ఆ వైభవానికి ఆధారమేమిటి? చాలా వరకు నూలు బట్ట. గుజరాత్ బట్ట కోసం సూరత్‌కు వచ్చినట్లే, కోరమాండల్ బట్ట కోసం ఆంగ్లేయులు 1611లోనే మన మచిలీపట్నానికి వచ్చారు. ఆ బట్టను తూర్పు దీవులకు తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. ఆ బట్ట నేసినవారికి మాత్రం గుమ్మటాలు లేవు.

ఈ కథకు మన కాలంలోనూ కొనసాగింపు ఉంది. చేతిమగ్గాలకు గిరాకీ తగ్గడంతో తెలంగాణ జిల్లాల నుంచి ఎందరో పద్మశాలీలు సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నెలకొల్పింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో తెలుసా? 1867 నుంచీ పురపాలనకు కేంద్రంగా ఉన్న ఆ మొగల్ సరాయిలోనే!

ఈసారి మీ ఊళ్లోని కోటనో, గుడినో, సత్రాన్నో చూసినప్పుడు ఈ రెండు ప్రశ్నలూ వేసుకోండి. మొదటి దానికి జవాబు తరచుగా శాసనంలోనే దొరుకుతుంది. రెండవ దాని కోసం పొలాల వైపు, మగ్గాల వైపు చూడండి.