గాలిలోని విష రసాయనాలు: ఆరోగ్య ముప్పును లెక్కించేదెలా?

పరిశ్రమల నుంచి వెలువడే విష వాయువుల వల్ల ప్రజారోగ్యానికి కలిగే ముప్పును అంచనా వేయడానికి అనేక దేశాలు అనుసరిస్తున్న ఒక శాస్త్రీయ పద్ధతి ఉంది. ఏ రసాయనం, ఎంత గాఢతలో, ఎంతకాలం, ఎవరికి సోకుతోంది అన్న ప్రశ్నలకు సమాధానం రాబట్టడమే దాని సారాంశం. రోజూ వెలువడే వాయు నాణ్యతా సూచీ గానీ, ప్రభుత్వం నిర్దేశించిన పరిమితి గానీ ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పవు. ఒక కర్మాగారం పక్కన ఇళ్లు కట్టవచ్చా, పాఠశాల నడపవచ్చా, ఆ కర్మాగారాన్ని విస్తరించవచ్చా అన్న నిర్ణయాలకు ఈ అంచనాయే ఆధారం కావాలి. కనుక దాన్ని ఎలా రూపొందిస్తారో పౌరులు తెలుసుకోవడం అవసరం.

సూచీ చెప్పేది, చెప్పనిది

దేశంలో బయటి గాలికి సంబంధించిన జాతీయ ప్రమాణాలను 2009 నవంబరులో సవరించారు. వాటిలో 12 కాలుష్య కారకాలు ఉన్నాయి. ఆ తర్వాత ప్రజలకు సులువుగా అర్థమయ్యేలా రూపొందించిన వాయు నాణ్యతా సూచీలో మాత్రం 8 కారకాలనే లెక్కలోకి తీసుకుంటారు. అవి పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. క్యాన్సర్ కారకాలుగా నిర్ధారణ అయిన బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్ సూచీలో లేవు. స్టైరీన్ వంటి రసాయనాలకు జాతీయ ప్రమాణాల్లోనే చోటు లేదు. అందువల్ల సూచీ 'సంతృప్తికరం' అని చూపినంత మాత్రాన రసాయన కర్మాగారం పక్కనున్న వాడలో విష వాయువులు లేవని భావించడానికి వీల్లేదు.

వాసన కూడా నమ్మదగిన కొలమానం కాదు. కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ముక్కు అత్యల్ప స్థాయిలోనే పసిగడుతుంది. అయితే గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలు దాటితే అదే వాయువు ఘ్రాణశక్తిని మొద్దుబారుస్తుంది. ప్రమాదం పెరిగేకొద్దీ వాసన తెలియకుండా పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు.

నాలుగు దశలు

ముప్పు అంచనాకు నేడు అనుసరిస్తున్న చట్రాన్ని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1983లో ప్రతిపాదించింది. ఇందులో నాలుగు దశలు ఉంటాయి.

మొదటిది హాని గుణాన్ని గుర్తించడం. ఒక రసాయనం మనిషికి ఏ విధమైన జబ్బు కలిగించగలదో జంతువులపై జరిపిన ప్రయోగాలు, కార్మికుల ఆరోగ్యంపై జరిపిన అధ్యయనాల నుంచి నిర్ధారిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజీన్‌ను మానవులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. 2013లో బయటి వాయు కాలుష్యాన్ని మొత్తంగా అదే వర్గంలో చేర్చింది.

రెండోది మోతాదుకూ ప్రభావానికీ గల సంబంధాన్ని నిర్ణయించడం. మూడోది ప్రజలు ఎంత మేరకు ఆ రసాయనానికి గురవుతున్నారో లెక్కించడం. నాలుగోది ఈ మూడింటినీ కలిపి ముప్పును అంకెలలో వ్యక్తం చేయడం, ఆ అంకెలో ఉన్న అనిశ్చితిని కూడా తెలియజేయడం.

హాని గుణం, ముప్పు ఒకటి కావు. గట్టిగా మూసిన ట్యాంకులో ఉన్న విష రసాయనానికి హాని గుణం ఉంటుంది. అది గాలిలో కలిసి మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడే ముప్పు ఏర్పడుతుంది.

ఒకే గాఢత, రెండు సమాధానాలు

ఈ లెక్క ఎలా సాగుతుందో బెంజీన్ ఉదాహరణ స్పష్టం చేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం బెంజీన్ వార్షిక సగటు ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు మించరాదు. ఒక ప్రాంతంలో సగటు సరిగ్గా 5 మైక్రోగ్రాములు ఉందనుకుందాం.

క్యాన్సర్ కాని జబ్బుల విషయంలో, జీవితకాలం పీల్చినా హాని కలిగించదని భావించే ఒక గాఢతను ముందుగా నిర్ణయిస్తారు. కార్మికుల రక్తంలో లింఫోసైట్ కణాల సంఖ్య తగ్గడాన్ని ఆధారంగా చేసుకుని, దానికి భద్రతా గుణకాలు జోడించి, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ బెంజీన్‌కు ఈ స్థాయిని 30 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. వాస్తవ గాఢతను దీనితో భాగించగా వచ్చే భాగఫలం 1 కంటే తక్కువైతే ఆందోళన అవసరం లేదంటారు. 5ను 30తో భాగిస్తే దాదాపు 0.17 వస్తుంది. ఈ లెక్కన గాలి సురక్షితమే.

క్యాన్సర్ లెక్క వేరు. బెంజీన్ విషయంలో ఇంతకంటే తక్కువైతే ముప్పే ఉండదని చెప్పగల సురక్షిత స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ అంచనా ప్రకారం ఘనపు మీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున జీవితకాలం పీల్చితే ప్రతి 10 లక్షల మందిలో అదనంగా 6 మందికి రక్త క్యాన్సర్ రావచ్చు. 5 మైక్రోగ్రాముల వద్ద ఇది 10 లక్షలకు 30, అంటే లక్షకు 3. అమెరికా సంస్థ వాడే గుణకాలతో లెక్కిస్తే 10 లక్షలకు 11 నుంచి 39 వరకు వస్తుంది.

కాబట్టి పరిమితి అనేది సురక్షితానికీ ప్రమాదానికీ నడుమ గీసిన గీత కాదు. సమాజం ఎంత ముప్పును అంగీకరిస్తుందో చెప్పే గీత మాత్రమే. ముప్పు ఎంత అన్నది శాస్త్రం లెక్కిస్తుంది. ఎంత ముప్పు ఆమోదయోగ్యం అన్నది ప్రభుత్వాలు, ప్రజలు నిర్ణయించాలి. అమెరికా నియంత్రణ వ్యవస్థలో సాధారణంగా 10 లక్షలకు ఒకటి నుంచి 10 వేలకు ఒకటి వరకు ఉన్న పరిధిని కొలబద్దగా తీసుకుంటారు.

కొలతలోని చిక్కులు

లెక్కలో అత్యంత బలహీనమైన అంగం సాధారణంగా మూడో దశే. మనుషులతో నడిపే పర్యవేక్షణ కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున, ఏడాదికి కనీసం 104 రోజుల నమూనాల ఆధారంగా వార్షిక సగటు నిర్ణయించవచ్చని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మిగిలిన రోజుల్లో రాత్రివేళ కొద్ది గంటలపాటు వెలువడిన వాయువు ఈ సగటులో కనిపించకపోవచ్చు. బెంజీన్‌కు వార్షిక పరిమితి ఉందే గానీ 24 గంటల పరిమితి లేదు.

కేంద్రం ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. గాలి ఏ దిశ నుంచి వీస్తుంది, పొగగొట్టం ఎత్తు ఎంత, చుట్టూ కొండలు ఉన్నాయా అన్న అంశాలను బట్టి ఒకే ఊరిలో గాఢత మారిపోతుంది. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండల మధ్య గిన్నె ఆకారంలో ఉన్న విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతం ఇందుకు ఉదాహరణ. శీతకాలపు రాత్రుల్లో నేలకు దగ్గరగా చల్లని గాలి, దానిపై వెచ్చని గాలి పొరలా నిలిచినప్పుడు కాలుష్యం పైకి పోలేక కిందనే పేరుకుంటుంది. అందుకే కొలతలతో పాటు వాతావరణ సమాచారం ఆధారంగా వ్యాప్తి నమూనాలను కంప్యూటరుపై రూపొందిస్తారు.

ఎవరు పీలుస్తున్నారన్నది మరో ప్రశ్న. కర్మాగారంలో అమలయ్యే పరిమితులు రోజుకు 8 గంటలు పనిచేసే వయోజనులను దృష్టిలో ఉంచుకున్నవి. గోడకు అవతల ఇంట్లో 24 గంటలూ ఉండే పసిపిల్లలకు, గర్భిణులకు, ఉబ్బసం ఉన్న వృద్ధులకు అవి వర్తించవు. శరీర బరువుతో పోల్చితే పిల్లలు పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు.

ఒక్కసారిగా వెలువడినప్పుడు

దీర్ఘకాలిక ముప్పుకూ ఆకస్మిక విడుదలకూ లెక్కలు వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇటువంటి సందర్భాలకు నిమిషాలు, గంటల ప్రాతిపదికన హెచ్చరిక స్థాయిలు ఉంటాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం ఒక గంటపాటు పీల్చినప్పుడు స్టైరీన్ పది లక్షల భాగాలకు 20 భాగాలు దాటితే అసౌకర్యం మొదలవుతుంది. 130 దాటితే తప్పించుకునే శక్తి సన్నగిల్లవచ్చు. 1,100 దాటితే ప్రాణాపాయం. ఈ స్థాయిలు ఏ వీధి వరకు చేరవచ్చో ముందే లెక్కగట్టడం, హెచ్చరిక సకాలంలో వినిపించడం ప్రాణాలను కాపాడతాయి. విశాఖ ఘటనలో సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నిర్ధారించింది.

కొలతలు లేకపోతే ఏమవుతుందో భోపాల్ చెబుతుంది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక మిథైల్ ఐసోసైనేట్ వెలువడిన వేళ నగరంలో దాని గాఢతను ఎవరూ కొలవలేదు. భారత వైద్య పరిశోధన మండలి తర్వాత చేపట్టిన అధ్యయనాల్లో, తొలి రోజుల్లో సంభవించిన మరణాల రేటు ఆధారంగా ప్రాంతాలను తీవ్రంగా, మధ్యస్థంగా, స్వల్పంగా ప్రభావితమైనవిగా విభజించవలసి వచ్చింది. గాలిలో విషం ఎంత ఉందో చెప్పడానికి మిగిలిన కొలమానం మృతుల సంఖ్య ఒక్కటే.

ఆసుపత్రి లెక్కలు ఎందుకు చాలవు

స్థానికంగా క్యాన్సర్ కేసులు పెరగలేదు కనుక గాలి సురక్షితమన్న వాదన తరచూ వినిపిస్తుంది. 20 వేల జనాభా ఉన్న వార్డులో లక్షకు 3 చొప్పున అదనపు ముప్పు ఉంటే, ఒక జీవితకాలంలో ఒక్క కేసు కూడా పూర్తిగా రాదు. ఇంత చిన్న తేడాను ఇతర కారణాల వల్ల వచ్చే కేసుల నుంచి ఏ గణాంక పద్ధతీ వేరుచేసి చూపలేదు. పైగా రసాయనం సోకిన ఎన్నో ఏళ్లకు గానీ క్యాన్సర్ బయటపడదు. ఈలోగా కుటుంబాలు ఇళ్లు మారుతుంటాయి. కేసులు కనబడకపోవడం ముప్పు లేదనడానికి రుజువు కాదు. అలాగే ఒకే వీధిలో రెండు మూడు కేసులు కనిపించినంత మాత్రాన కర్మాగారమే కారణమని తేల్చడానికీ వీల్లేదు. జబ్బులు వచ్చేదాకా ఆగకుండా గాఢతల నుంచి ముప్పును ముందుగానే లెక్కించే పద్ధతి అవసరమైంది ఇందుకే.

ఇళ్ల కేటాయింపులోనూ ఈ ప్రశ్న ఎదురైంది. ముంబయిలో నిర్వాసితులకు శుద్ధి కర్మాగారాల సమీపంలోని మాహుల్‌లో పునరావాసం కల్పించగా, అక్కడి గాలి వల్ల నివాసుల ఆరోగ్యానికి ముప్పు ఉందని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో గుర్తించింది. బాధితులను అక్కడ నివసించాలని బలవంతపెట్టరాదని, ప్రత్యామ్నాయం చూపలేకపోతే నెలకు రూ.15,000 అద్దె చెల్లించాలని బొంబాయి హైకోర్టు 2019లో ఆదేశించింది.

నివేదికలో చూడవలసినవి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో 88 పారిశ్రామిక ప్రాంతాలకు సమగ్ర కాలుష్య సూచీని రూపొందించింది. 70 మార్కులు దాటిన 43 ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా ప్రకటించింది. గుజరాత్‌లోని అంక్లేశ్వర్ మొదటి స్థానంలో ఉండగా, విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. గాలి, నీరు, నేల మూడింటినీ కలిపి ప్రాంతాలను పోల్చడానికి ఈ సూచీ ఉపకరిస్తుంది. ఒక వాడలోని కుటుంబానికి ఎంత ముప్పు ఉందో అది చెప్పదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం నిర్దేశిత పరిశ్రమలు అనుమతికి ముందు నివేదిక సమర్పించి, ప్రజాభిప్రాయ సేకరణకు సిద్ధపడాలి. ఆ నివేదికల్లో 'ముప్పు అంచనా' పేరుతో ఉండే భాగం సాధారణంగా పేలుడు, అగ్నిప్రమాదం, లీకేజీల గురించే వివరిస్తుంది. ఏళ్ల తరబడి కొద్ది కొద్దిగా పీల్చే రసాయనాల లెక్క అందులో ఉందో లేదో ప్రత్యేకంగా చూడాలి.

వెలువడే ప్రతి రసాయనం పేరు, పరిమాణం నివేదికలో ఉండాలి. గాలి నమూనాలు ఏయే రుతువుల్లో, ఎక్కడ సేకరించారో, నమూనా కేంద్రాలు గాలి వాలున ఉన్న నివాసాలకు దగ్గరగా ఉన్నాయో లేదో తెలియాలి. క్యాన్సర్ ముప్పును, ఇతర జబ్బుల ముప్పును విడివిడిగా లెక్కించాలి. ఇప్పటికే ఉన్న కర్మాగారాల కాలుష్యాన్ని కూడా కలిపి చూపాలి. ఒక్కో కర్మాగారం విడిగా పరిమితిలోపే ఉన్నా, ఆ వాడలోని మనిషి పీల్చేది అన్నింటి గాలినీ కలిపే.