చెల్లెలి పాలసీసా, నా హేతువాదం

2006లో ఒకరోజు మా చెల్లెలు ఫోన్ చేసింది. అప్పటికి దాని పాపకు నాలుగు నెలలు. "అన్నయ్యా, పాలసీసాని రోజూ మరిగే నీళ్ళలో వెయ్యమంటున్నారు. ప్లాస్టిక్ వేడెక్కితే కాన్సరొస్తుందని ఆఫీసులో ఎవరో మెయిల్ పంపారు. ఏం చెయ్యను?" అని అడిగింది.

ఆ మెయిల్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. కారులో ఎండకి వదిలేసిన నీళ్ళ సీసాలో డయాక్సిన్ పుడుతుందని, ఈ మాట జాన్స్ హాప్కిన్స్ వాళ్ళే చెప్పారని అందులో ఉండేది. నేను పగలబడి నవ్వాను. డయాక్సిన్లు చెత్త తగలబెట్టినప్పుడు పుడతాయి గాని ఎండకి పుట్టవు, జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు కూడా ఆ మాట మాది కాదన్నారు, నువ్వు నిశ్చింతగా మరిగించుకో అన్నాను. అది నమ్మింది. అన్నయ్య అన్నీ చదివే మాట్లాడతాడని దాని నమ్మకం.

మెయిల్ అబద్ధమే. ఆ మాట ఈరోజుకీ అంటాను. కానీ చెల్లెలు అడిగింది మెయిల్ గురించి కాదు, తన సీసా గురించి. అది నీళ్ళు అమ్మే మెత్తటి పెట్ సీసా కాదు. గాజులా మెరిసే గట్టి పాలీకార్బొనేట్ సీసా. దాని కథ వేరు. ఆ కథ నాకప్పుడు తెలియదు.

ఆ ప్లాస్టిక్‌కి ముడిసరుకు బిస్ఫినాల్-ఎ. దీన్ని 1891లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త డయానిన్ తయారుచేశాడు. చాలాకాలం దానితో ఎవరికీ పని పడలేదు. 1930లలో లండన్‌లో ఛార్లెస్ డాడ్స్ చౌకగా దొరికే కృత్రిమ ఈస్ట్రోజెన్ కోసం వెతుకుతూ, అండాశయాలు తీసేసిన ఎలుకల మీద రకరకాల పదార్థాలు పరీక్షించాడు. బిస్ఫినాల్-ఎ బలహీనంగానైనా ఆడ హార్మోన్‌లా పనిచేస్తుందని 1936లో ప్రకటించాడు. అంటే అది ప్లాస్టిక్ కాకముందే హార్మోన్ అని మనకి తెలుసు!

1938లో డాడ్స్ బృందానికి ఇంకా శక్తివంతమైన డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ దొరికింది. గర్భస్రావం కాకుండా ఉండటానికని దాన్ని లక్షలాది గర్భిణులకి ఇచ్చారు. దానివల్ల ఉపయోగం లేదని 1953లో షికాగోలో జరిగిన పరీక్షలో తేలినా వాడకం ఆగలేదు. 1971లో, అది వాడిన తల్లుల కూతుళ్ళలో అరుదైన యోని కాన్సర్ బయటపడింది. మందు మింగింది తల్లి, జబ్బు వచ్చింది కడుపులో ఉన్న బిడ్డకి, అదీ ఎన్నో ఏళ్ళ తరవాత.

బిస్ఫినాల్-ఎ మందు కాలేదు. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారే పాలీకార్బొనేట్ కనిపెట్టారు. అక్కణ్ణుంచి అది పాలసీసాల్లోకీ, నీళ్ళ డబ్బాల్లోకీ వచ్చింది. ఆహారపు డబ్బాల లోపలి పూతలోకి వచ్చింది కూడా బిస్ఫినాల్-ఎ తోనే చేసే ఎపాక్సీ. డాడ్స్ ఎలుకల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తు చేసినవి రెండు ప్రమాదాలు. స్టాన్‌ఫర్డ్‌లో అరుణా కృష్ణన్, డేవిడ్ ఫెల్డ్‌మన్ తదితరులు ఈస్ట్‌లో ఈస్ట్రోజెన్ ఉందా అని చూస్తుంటే నిజంగానే కనిపించింది. ఆరా తీస్తే అది ఈస్ట్‌ది కాదు, వేడి ఆవిరితో శుద్ధి చేసిన పాలీకార్బొనేట్ ఫ్లాస్కులది. 1993లో ఆ సంగతి ప్రచురించారు. రెండోది 1998లో. పెట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఎలుకల పంజరాలని పొరపాటున ఘాటైన సబ్బుతో కడిగారు. పంజరాల ప్లాస్టిక్ పాడైంది. మామూలుగా 1-2 శాతం అండాల్లో కనబడే క్రోమోజోముల లోపం ఒక్కసారిగా 40 శాతానికి పెరిగింది. ఆమె దాన్ని కొట్టిపారేయకుండా ఏళ్ళ తరబడి వెంటాడి, 2003లో ప్రచురించింది. అంటే చెల్లెలు ఫోన్ చేసేనాటికే ఈ రెండు సంగతులూ అచ్చయి ఉన్నాయి. నేను వెతకలేదు, అంతే. మరిగే నీళ్ళు పోస్తే ఈ పదార్థం 15 నుంచి 55 రెట్లు వేగంగా దిగుతుందని 2008లో సిన్సినాటి పరిశోధకులు కొలిచి చెప్పారు. నేను చెల్లెలికి మరిగించమన్నది ఆ సీసానే.

తరవాత చట్టాలు వచ్చాయి. పాలసీసాల్లో దీన్ని 2011లో ఐరోపా సమాఖ్య, 2012లో అమెరికా నిషేధించాయి. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2015లో పాలసీసాలకి బిస్ఫినాల్-ఎ లేని ప్లాస్టిక్కే వాడాలంది.

అలాగని మనుషులకి హాని రుజువైపోయిందా అంటే, అక్కడ శాస్త్రజ్ఞులే ఇంకా వాదించుకుంటున్నారు. 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజువారీ పరిమితిని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. అదే ఏడు జర్మనీ సంస్థ దానికి వెయ్యి రెట్లు ఎక్కువ పరిమితి చాలంది. అయినా 2024 డిసెంబరులో ఐరోపా ఆహారానికి తగిలే వస్తువులన్నిటిలో దీన్ని నిషేధించింది. ఈలోగా కంపెనీలు దాని తమ్ముడు బిస్ఫినాల్-ఎస్‌ని తెచ్చాయి. అదీ హార్మోన్‌లా ప్రవర్తిస్తుందని పరిశోధనలు వస్తున్నాయి. సీసా మీద "బి.పి.ఎ. లేదు" అని రాసి ఉంటే, ఏముందో కూడా అడగాలన్నమాట.

మా మేనకోడలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది, ఆరోగ్యంగా ఉంది. "చూశావా, ఏమీ కాలేదుగా" అని చెల్లెలే నన్ను ఓదారుస్తుంది. కానీ తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందనేవాళ్ళకి మనం ఏం చెబుతాం? ఒక్క మనిషి బాగుండటం దేనికీ రుజువు కాదని. ఆ మాట నాకూ వర్తిస్తుంది.

పుకారుని ఖండించడం తేలిక. అది ఖండించాక అసలు ప్రశ్న అక్కడే ఉంటుంది. ఆరోజు నేను చెప్పవలసింది, "సీసా తిరగేసి అడుగున త్రిభుజంలో ఏ అంకె ఉందో చూడు. 7 ఉంటే గాజుదో స్టీలుదో కొను. మిగతాది చదివి చెబుతాను" అని. ఇప్పుడు ఎవరడిగినా అదే చెబుతున్నాను.