అర్ధరాత్రి పిక్క పట్టేస్తే...

మంచి నిద్రలో ఉండగా ఎవరో పిక్కను గుప్పిట పట్టి మెలిపెట్టినట్లు ఒక్కసారిగా నొప్పి. చేత్తో తడిమి చూస్తే కండరం రాయిలా గట్టిపడి ఉంటుంది. పక్కనున్న మనిషి లేచి లైటు వేసే లోపల తగ్గిపోనూ వచ్చు, పది నిమిషాలు ఏడిపించనూ వచ్చు. మన ఊళ్లలో దీన్నే పిక్క పట్టేయడం, కాలు కొంకర్లు పోవడం, నరం పట్టేయడం అంటారు. నిజానికి బిగుసుకునేది నరం కాదు, కండరం.

నేను న్యూజెర్సీలో ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. యాభై దాటిన మన తెలుగువాళ్లు, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు కౌంటరు దగ్గర తరచు నన్ను అడిగే ప్రశ్న: "రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయండీ, ఏదైనా మంచి మాత్ర ఉందా?" మాత్ర కంటే ముందు చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఒకచోట రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఈ ప్రయత్నం. ఇందులో మా ఇంట్లో నేను చేసిన పొరపాటు కూడా ఉంది.

ఎందుకు వస్తుంది?

చాలామందిలో ప్రత్యేకమైన జబ్బేమీ కనిపించదు. పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పిక్క కండరం అప్పటికే కుంచించుకుని ఉంటుంది. ఆ స్థితిలో నరం నుంచి సంకేతం అందితే కండరం ఇంకా బిగుసుకుని, వదలలేక పట్టేస్తుందని ఒక వివరణ. వయసు పెరిగే కొద్దీ ఇది ఎక్కువవుతుంది. గర్భిణులకూ మామూలే.

అయితే కొందరిలో కారణం మందుల డబ్బాలోనే ఉండవచ్చు. బీపీకి వాడే నీటి మాత్రలు, కొన్ని రకాల ఉబ్బసం ఇన్‌హేలర్లు ఇందుకు దారితీయవచ్చు. కొలెస్టరాల్‌కి వాడే స్టాటిన్లతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. మధుమేహం, థైరాయిడ్ మందగించడం, కిడ్నీ, లివరు జబ్బులు ఉన్నవారికీ కాళ్లు పట్టేస్తాయి. అనుమానం వస్తే మందుల పట్టీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అంతేగాని మీ అంతట మీరు మాత్ర ఆపేయవద్దు.

పట్టేసిన క్షణంలో ఏం చేయాలి?

మోకాలు చాపి, పాదం వేళ్లను చేత్తో మీ వైపుకు లాగండి. చెయ్యి అందకపోతే తువ్వాలును పాదం కింద వేసి రెండు కొసలూ పట్టి లాగండి. లేచి నిలబడగలిగితే మడమ నేలకు ఆనించి బరువు వేయండి. కండరం వదిలాక మెల్లగా మర్దనా చేసి వేడి కాపడం పెడితే సుఖంగా ఉంటుంది. మర్నాడంతా కొంచెం సలుపు ఉండవచ్చు, కంగారు పడనక్కర్లేదు.

రాకుండా ఏం చేయాలి?

గోడకు రెండు మూడడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మడమలు నేల మీద నుంచి లేవకుండా ముందుకు వాలండి. పిక్కలు సాగుతున్నట్లు తెలియాలి. అర నిమిషం ఆగి, మూడుసార్లు చేయండి. తూలే పెద్దవాళ్లు పక్కన ఒకరిని ఉంచుకుని చేయాలి. పడుకోబోయే ముందు కాళ్లను ఇలా సాగదీసే వ్యాయామాలను నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మందిపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆరు వారాల్లో రాత్రిపూట పట్టేయడం తగ్గింది. ఖర్చు లేని వైద్యం.

ఇంకొకటి. దుప్పటిని మంచం చివర బిగించి దోపితే పాదాలు కిందికి నొక్కుకుపోతాయి. కాళ్ల దగ్గర వదులుగా ఉంచండి.

మరి మాత్రల సంగతి?

ఒకప్పుడు క్వినైన్ వాడేవారు. ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోవడం, గుండె లయ తప్పడం వంటి తీవ్ర దుష్ఫలితాల వల్ల అమెరికాలో 1990లలోనే దీన్ని పిక్కల నొప్పికి ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం ఆపించారు. 1969 నుంచి తమకు అందిన 665 తీవ్రమైన ఫిర్యాదుల్లో 93 మరణాలు ఉన్నాయని 2006లో ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఇప్పుడిక్కడ దానికి అనుమతి మలేరియాకే. ఇండియా నుంచి ఎవరైనా తెచ్చిచ్చినా వద్దనండి.

మెగ్నీషియం ఎక్కువగా అమ్ముడుపోతుంది. కానీ పెద్ద వయసువారిలో దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని 2020 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. అరటిపండు ఆరోగ్యానికి మంచిదే గాని దీనికి మందు కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ రెండింటినీ డాక్టరును అడగకుండా ఎక్కువగా తీసుకోకూడదు. 2024లో చైనాలో 65 దాటిన 199 మందిపై జరిగిన పరీక్షలో విటమిన్ కె2 ఉపశమనం ఇచ్చింది. ఆశ కలిగించేదే, కాని ఒక్క పరీక్షతో తీర్పు చెప్పలేం. వార్ఫరిన్ వాడేవారు మాత్రం దాని జోలికి వెళ్లకూడదు.

నేను చేసిన పొరపాటు

2018లో నాన్నగారు హైదరాబాదు నుంచి మా దగ్గరికి వచ్చారు. ఇరవై గంటలకు పైగా ప్రయాణం. మూడోనాటి రాత్రి పిక్క నొప్పి అన్నారు. "నాకిది అలవాటేరా, పొద్దున్నకి అదే పోతుంది" అన్నారు. నేనూ అదే అనుకుని కాలు సాగదీసి, నూనె రాసి మర్దనా చేశాను. మర్నాడు అడిగితే తగ్గిందన్నారు. తగ్గలేదు. ఇక్కడ డాక్టరంటే బోలెడు డాలర్లని నోరు విప్పలేదు. ఆ మర్నాడు మా ఆవిడ చూసి, "మామయ్యగారి కుడి కాలు లావుగా ఉందేమిటండీ?" అంది. చెయ్యి వేస్తే వేడిగా ఉంది. ఆసుపత్రిలో స్కాన్ తీస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అటువంటి కాలిని నేను మర్దనా చేశాను! దేవుడి దయవల్ల మందులతో కోలుకుని, క్షేమంగా ఇంటికి తిరిగి వెళ్లారు.

అందుకే ఈ తేడాలు గుర్తుంచుకోండి. పిక్క పట్టేయడం నిమిషాల్లో వదులుతుంది. నొప్పి వదలకుండా, ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే గడ్డ కావచ్చు. మర్దనా చేయకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని తోడైతే వెంటనే 911కి ఫోన్ చేయండి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే పిక్క నొప్పి కాలి రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల కావచ్చు. నొప్పి లేకుండా, కాళ్లు కదపకపోతే తోచకపోవడం వేరే సమస్య, దానికి వేరే వైద్యం ఉంది.

అమ్మానాన్నలు వస్తున్నారంటే విమానంలో మధ్యమధ్య లేచి నడవమని, కూర్చున్నచోటే మడమలు, వేళ్లు ఎత్తి దించుతూ ఉండమని చెప్పండి. దిగిన తరువాత కొన్ని వారాల వరకు కాళ్లు గమనించండి. వాళ్లు "ఏం లేదులే" అన్నా సరే, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి మీ కళ్లతో చూడండి. నేను ఆ మొదటి రాత్రే లైటు వేసి చూడవలసింది.